దిబ్బ మీద తువ్వాలు

ఈ సంగతి ఎవరికి చెప్పబోయినా "మళ్ళీ మొదలుపెట్టినాడురా" అని మొహం తిప్పుకుంటారు. మా ఆవిడకు సరిగ్గా అప్పుడే వంటింట్లో పని గుర్తొస్తుంది. పిల్లలు ఫోన్లలోకి దూరిపోతారు. మా పాలెంలో అయితే నేను బస్సు దిగడం చూడగానే, వలలు బాగుచేసుకునేవాళ్ళు తలలు ఇంకాస్త కిందికి వంచుతారు. అడిగిందే అడుగుతాడని నాకు పేరు. మొదటిసారి అడిగినప్పుడే జవాబు వచ్చి ఉంటే రెండోసారి ఎందుకు అడుగుతాను? ఆ మాట మాత్రం ఇంతకాలంగా ఒక్కరికీ తట్టలేదు.

పోయిన నెల మా పాలెంలో సభ పెట్టారు. పాతకాలం పెద్దలకు సన్మానమట. షామియానా, అద్దె కుర్చీలు, మైకు. మా చిన్నాయనకు శాలువా కప్పారు. ఆయన మా నాయనకు తోడబుట్టిన తమ్ముడు. పెద్దవల పడవకు తండేలుగా, అంటే పడవను నడిపించే పెద్దగా, వయసంతా సముద్రం మీద గడిపినవాడు. మైకు చేతికి ఇస్తే ఆయన, "మా కాలంలో ఇప్పటి మాదిరి మిషన్లు యాడియ్యి? దిబ్బ మీద తువ్వాలు దిగితే వల వదిలేవాళ్ళం, అంతే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తువ్వాలు ఎవరిదో మాత్రం చెప్పలేదు.

నేను వెనక వరసలోంచి లేచి, "ఎవరి తువ్వాలు చిన్నాయనా? పేరు చెప్పు" అని అరిచాను. ఆయన నా వైపు చూశాడు. అంతలో మైకు ఇంకొకరి చేతిలోకి పోయింది. నా ముందు కూర్చున్నవాడు వెనక్కి తిరిగి, "కూర్చో అన్నా, బిర్యానీ చల్లారిపోతుండాది" అన్నాడు.

కూర్చున్నాను. బిర్యానీ మాత్రం తినలేదు. నేను తినలేదని కూడా ఎవరూ గమనించలేదు.

మా పాలేనికీ సముద్రానికీ మధ్య అప్పట్లో పెద్ద ఇసుక దిబ్బ ఉండేది. తర్వాత కొంచెం కొంచెంగా తవ్వుకుపోయారు, ఇప్పుడు అక్కడ చదునుగా రోడ్డు ఉంది. ఆ దిబ్బ మీద మా నాయన నిలబడేవాడు. అదే ఆయన పని. పెద్దవల చూడనివాళ్ళకు చెప్పాలి: వల తాడు ఒక కొస ఒడ్డున ఉంచి, మిగతా వలనంతా పడవలో పెట్టుకుని లోపలికి పోతారు. చేపల మందను చుట్టి, రెండో కొసను ఒడ్డుకు తెస్తారు. తర్వాత ఆడామగా రెండు జట్లుగా నిలబడి లాగుతారు. చిక్కేమిటంటే, పడవలో ఉన్నవాడికి మంద కనబడదు. ఎత్తు మీదినుంచి చూసేవాడికే నీళ్ళ రంగులో తేడా తెలుస్తుంది. ఎక్కడో ఒకచోట నీళ్ళు మసకబారతాయి, పక్షులు అక్కడే వాలి లేస్తుంటాయి, నీటి మీద సన్నటి వణుకు కనిపిస్తుంది. నాయన అది పట్టి తువ్వాలు ఎత్తేవాడు. కుడికి ఊపితే దక్షిణానికి పొమ్మని. ఎడమకు ఊపితే ఉత్తరానికి. రెండు చేతులా పట్టుకుని తల మీదినుంచి కిందికి దించితే వల వదలమని. మడిచి భుజాన వేసుకుంటే ఇక చాలు, తిరిగి రమ్మని.

దిబ్బ మీద తువ్వాలు దిగిందంటే వల పడాల్సిందే. ఎందుకని అడగకూడదు. తండేలుకు వేరేగా తోచినా సరే, వదలాల్సిందే. అది మా పాలెం కట్టుబాటు. దానికి ఇంకో సగం కూడా ఉంది. వల ఖాళీగా వస్తే, పిలిచినవాడు ఒడ్డున కూర్చుని వలలో చిక్కిన నాచు ఏరాలి. ఎంత పెద్దవాడైనా తప్పదు.

నాయనది ఎర్రగళ్ళ తువ్వాలు. అమ్మ ఎంత ఉతికినా దాంట్లోంచి బీడీ పొగ, ఉప్పు, ఎండిన చెమట కలిసిన వాసన పోయేది కాదు. బడి లేని రోజు నేనూ దిబ్బ ఎక్కేవాడిని. పని లేనప్పుడు ఆ తువ్వాలు నా మొహం మీద కప్పేవాడు. గళ్ళలోంచి ఎండ ఎర్రగా కనబడేది. కింద సరుగుడు చెట్ల మధ్య ఎవరో పొయ్యి రాజేసేవారు, ఆ పొగా, ఎండు నెత్తళ్ళ చేపల వాసనా కలిసి పైకొచ్చేవి. నాకు ఆకలి వేసేది. నాయన నడుముకు కట్టుకున్న మూటలో వేయించిన నెత్తళ్ళు ఉండేవి. సగం నాకు పెట్టి, "మీ అమ్మతో చెప్పబాక, మజ్జానం సంగటి తినలేదని నన్ను తిడతాది" అనేవాడు.

ఒకరోజు బీడీ ముట్టించుకోవడానికి, గాలి తగలని చోటు చూసుకుని దిబ్బ కిందికి దిగాడు. తువ్వాలు నా దగ్గరే ఉంది. లేచి నిలబడ్డాను. దూరంగా మా పడవ అరచేతిలో పట్టేంత ఉంది. రెండు చేతులా తువ్వాలు పట్టుకుని, నాయన లాగే కాళ్ళు ఎడంగా పెట్టి, తల మీదినుంచి కిందికి దించాను.

పడవలోంచి వల జారడం మొదలైంది.

నాయన పైకి వచ్చేసరికి సగం వల నీళ్ళలో ఉంది. ఇక ఆపడానికి లేదు. అందరూ తాళ్ళు పట్టుకున్నారు. చెమటలు కక్కుతూ లాగారు. చివరికి వలలో వచ్చింది ఇంత నాచు, నాలుగు పీతలు, ఒక పగిలిన కుండ.

చిన్నాయన నడుములోతు నీళ్ళలోకి దూకి ఒడ్డుకొచ్చాడు. "ఏందన్నా ఇది? నీళ్ళు తెల్లంగా ఉంటే వదలమంటివే!"

"నేను గాదురా" అని నాయన నన్ను ముందుకు తోశాడు. "ఇదిగో, ఈయన."

"ఓరి నీ దుంపతెగ! బుడ్డోడి మాట నమ్మి ఇంతమందిమి నడుములు ఇరగ్గొట్టుకున్యామా!"

తాడు దగ్గరున్న ఒకామె ఊరుకోలేదు. "నీళ్ళు తెల్లంగా ఉండాయని నీకు తెలిసినప్పుడు నువ్వెందుకు వదిలినావయ్యా? నీ కళ్ళు అద్దెకిచ్చినావా?"

అందరూ నవ్వారు. చిన్నాయన కూడా నవ్వుతూనే, నేను ఇప్పటికీ మరిచిపోని మాట అన్నాడు. "ఎవురిదైతే ఏందక్కా? దిబ్బ మీద తువ్వాలు దిగినాక వదలకుండా ఎట్టా?"

కట్టుబాటు ప్రకారం నాచు నేనే ఏరాలి. నాయన కూడా నా పక్కన చతికిలబడ్డాడు. నీ పని కాదు గదా నాయనా అంటే, "తువ్వాలు వదిలేసి పోయింది ఎవురు?" అన్నాడు. ఇద్దరం పొద్దు వాలేదాకా ఏరాం. వేళ్ళ సందుల్లో నాచు జారిపోతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆయన పీతను నా మోకాలి మీదికి పాకించి నవ్వించి, అప్పుడు చెప్పాడు: "ఖాళీ వలకి సిగ్గుపడబాక అబ్బయా. అడిగినాం, సంద్రం లేదనింది. రేపు అడిగితే ఉందంటాది. అడగడం మానేస్తే గదా తప్పు."

నేను అడగడం మానకపోవడానికి కారణం నా మొండితనం అని మా ఆవిడ అంటుంది. ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఆమెకు తెలియదు.

తర్వాతి ఏడు నాయన గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం పోశారు, తేనె నాకించారు. అవ్వ దిష్టి తీసి ఎర్రనీళ్ళు వీధిలో పారబోసింది. కొన్నాళ్ళకు ముద్ద దిగడం మానేసింది. అమ్మా ఆయనా కావలిలో రైలెక్కి మద్రాసు పోయారు. నన్ను అవ్వ దగ్గర వదిలారు. ఎందుకు పోతున్నారో నాకు చెప్పలేదు. ఆడవాళ్ళు ఇసుక మీద నెత్తళ్ళు ఆరబోస్తూ, "గొంతులో గెడ్డంట" అని ఒకరు, "కరెంటు పెడతుండారంట" అని ఒకరు చెప్పుకునేవారు. నేను దగ్గరికి పోగానే మాట మధ్యలో తెగిపోయేది. ఎవరో ఒకరు, "ఏమబ్బయా, అన్నం తిన్యావా?" అనేవారు.

చివరికి ఆ జబ్బు పేరు నాకు చెప్పింది మా బళ్ళో ఒకడు. "మీ నాయనకి కేన్సరంట. వొంట్లో కరెంటు ఎక్కించినారంట. ముట్టుకుంటే షాకు కొడతాదంట" అని పిలకాయలందరి ముందూ అన్నాడు. వాడు ఇప్పుడు వార్డు మెంబరు. ఓటు అడగడానికి చెయ్యి చాపినప్పుడల్లా, "ముట్టుకుంటే షాకు కొడతాది, పక్కకు పో" అంటాను. వాడికి అర్థం కాదు. అన్నవాళ్ళకు గుర్తుండదు, పడినవాడికి ఉంటుంది.

నాయన తిరిగొచ్చాడు. మెడ చుట్టూ చర్మం కమిలి నల్లబడింది. గొంతు దగ్గర చిన్న రంధ్రం, దాని మీద తెల్లటి గుడ్డ. మాట మొత్తానికే పోయింది. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. ఆయన దగ్గరికి రమ్మని సైగ చేశాడు. వెళ్ళి, ఒక్క వేలితో మెల్లగా ఆయన చెయ్యి తాకాను. నాయన ఒక్కసారిగా ఒళ్ళంతా గజగజ ఆడించి, కళ్ళు తేలేశాడు. నేను కెవ్వుమని అరిచి అవ్వ వెనక దాక్కున్నాను. చూస్తే ఆయన నవ్వుతున్నాడు. చప్పుడు లేదు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. ఊళ్ళో పిలకాయలు ఏమంటున్నారో అవ్వ ముందే చెప్పి ఉంటుంది.

మాట లేకపోయినా మా ఇంట్లో ఇబ్బంది అనిపించలేదు. ఆయన జీవితమంతా తువ్వాలుతోనే మాట్లాడాడు కదా. అవునంటే భుజం మీది తువ్వాలును పైకి ఎత్తేవాడు. కాదంటే ఒళ్ళో పడేసేవాడు. అమ్మ మీద అలిగితే మొహం మీద కప్పుకునేవాడు. గంజి తప్ప ఏమీ దిగేది కాదు, కానీ మేం వేరే గదిలో తింటే ఒప్పుకునేవాడు కాదు. మామిడికాయ వేసిన చేపల పులుసు చట్టి తన మంచం పక్కనే పెట్టి మూత తీయమనేవాడు. ఒకరోజు నేను తెలివితక్కువగా, "నాయనా, ఉప్పు సరిపోయిందా?" అని అడిగేశాను. అమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆయన చట్టి వైపు వంగి, వాసన పీల్చి, కాసేపు ఆలోచించి, తువ్వాలు పైకెత్తాడు. సరిపోయింది. అమ్మ నీళ్ళు తెస్తానని పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఇక అసలు సంగతి.

ఒక పొద్దున నాయన సముద్రం వైపు చెయ్యి చూపించాడు. అమ్మ వద్దంది. ఆయన తువ్వాలు తలకు చుట్టుకుని లేచాడు. నా భుజం పట్టుకుని, ఆగి ఆగి దిబ్బ ఎక్కాడు. అప్పటికి ఆయన పని పక్కింటి పెద్దాయన చేస్తున్నాడు. మంచివాడు. నాయనను చూడగానే పక్కకు జరిగి, "రా అన్నా, ఇది నీ తావే గదా" అన్నాడు.

నాయన నా భుజం వదిలాడు. కాళ్ళు ఎడంగా పెట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళను చూశాడు, చూస్తూనే ఉన్నాడు. ఒడ్డున తాడు పట్టుకున్నవాళ్ళు కూడా మాటలు ఆపి పైకి చూశారు. నాకు నీటి మీద ఏమీ కనబడలేదు. పక్కింటి పెద్దాయనకూ కనబడలేదని ఆయన మొహం చూస్తే తెలిసింది. నాయన తలకు చుట్టిన తువ్వాలు విప్పి, రెండు చేతులా పట్టుకుని, తల మీదినుంచి కిందికి దించాడు.

పడవలో చిన్నాయన నిలబడి ఉన్నాడు. ఆయన తల మా వైపే ఉంది. వల జారలేదు.

నాయన మళ్ళీ దించాడు.

చిన్నాయన కూర్చున్నాడు. పడవ ముక్కు దక్షిణానికి తిరిగింది. అలాగే పోయింది.

ఒడ్డున ఎవరో, "అన్నకి చూపు తగ్గిపోయిందిరా పాపం" అన్నారు. ఇంకెవరో నవ్వారు. నవ్వింది ఎవరో నాకు తెలుసు, ఆయన పోయాడు కాబట్టి వదిలేస్తున్నాను. నాయన తువ్వాలు మడిచాడు. కొసకు కొస కలిపి, ఇంటికి రండి అని చెప్పేటప్పుడు మడిచినట్టే మడిచి భుజాన వేసుకున్నాడు. ఇంటికి వచ్చేటప్పుడు నా భుజం పట్టుకోలేదు. రెండుచోట్ల కూర్చున్నాడు గానీ నన్ను పట్టుకోలేదు. ఆ తర్వాత సముద్రం వైపు చెయ్యి చూపించలేదు. మంచం కూడా గోడ వైపు తిప్పించుకున్నాడు. పులుసు చట్టి మూత తీసినా ఇటు తిరిగేవాడు కాదు.

ఆ సాయంత్రం చిన్నాయన మంచి వంజరం చేప తెచ్చి మా గడప మీద పెట్టి, లోపలికి రాకుండానే పోయాడు. మర్నాడూ తెచ్చాడు. నాయన పోయేదాకా రోజూ ఏదో ఒక చేప గడప మీద ఉండేది. అమ్మ వండేది. నేను ముట్టలేదు. ఈ రోజుకీ ఆ ఇంటి చేప నేను తినను.

వానలు మొదలు కాకముందే నాయన పోయాడు. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు గుమ్మం దాకా వచ్చి నీళ్ళు బాగుండవని కాఫీ తాగకుండా పోయారు, అన్నీ నాకు గుర్తే. ఇక్కడ రాస్తే మీరు కూడా తల వంచుకుంటారు. అందరికంటే గట్టిగా ఏడ్చింది మాత్రం చిన్నాయనే. అన్న కాళ్ళు పట్టుకుని వదల్లేదు. ఏడుపు వేరు, జవాబు వేరు.

చిన్నాయన వల ఎందుకు వదల్లేదని అమ్మను అడిగితే, "పొద్దుటెండ కళ్ళల్లో పడుంటాది, కనపడి ఉండదులే" అంది. దిబ్బ పడమరన, పొద్దు తూర్పున, ఆయన వీపు పొద్దు వైపు ఉంది కదమ్మా అంటే, "గమ్మునుండు" అంది. అవ్వను అడిగితే, "ఖాళీ వల లాగినాక జనం మీ నాయన్ని నాలుగు మాటలంటారని మీ చిన్నాయనే ఆలోచన చేసుంటాడు" అంది. వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. పక్కింటి పెద్దాయనా లేడు. వాళ్ళు చిన్నాయన తరఫున చెప్పిన జవాబులు నాకు అక్కర్లేదు. పిలకాయ తువ్వాలు అంత దూరాన్నుంచి కనబడిన మనిషికి అన్న తువ్వాలు కనబడలేదా? నీళ్ళు తెల్లగా ఉన్నాయని తెలిసీ నా కోసం వల వదిలినవాడు, అన్న కోసం ఎందుకు వదల్లేదు?

సభ జరిగిన మర్నాడు ఆయన ఇంటికి వెళ్ళాను. అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కప్పిన శాలువా లోపల కొక్కేనికి వేలాడుతోంది. ఆయన భుజాన మామూలు తువ్వాలే ఉంది.

"కాఫీ తాగుతావా అబ్బయా?"

"తాగను. నిన్న నాయన పేరెందుకు చెప్పలేదు?"

"మైకు లాక్కున్యారు గదా."

"ఆ రోజు తువ్వాలు చూసినావా, లేదా? అదొక్కటి చెప్పు."

ఆయన నిట్టూర్చాడు. గొంతు గరగరమంటోంది. "నీకు తల నెరిసిపాయ. ఇంకా దాన్నే పట్టుకోని ఏలాడతుండావు."

"చెబితే వదిలేస్తా."

ఆయన నా వైపు చూశాడు. నోరు తెరిచాడు. నిజంగానే చెప్పబోయాడని నా నమ్మకం. అంతలో దగ్గు అందుకుంది. ఒక పట్టాన ఆగలేదు. కోడలు వేణ్ణీళ్ళ గ్లాసుతో పరిగెత్తుకొచ్చి నన్ను కోపంగా చూసింది. "మామని మాట్లాడించబాక బావా. మొన్ననే మద్రాసు పోయొచ్చినాం. గొంతులో ఏందో..." అని ఆగిపోయింది. తర్వాత, "అన్నం తిని పోతావా?" అంది.

మాట అలా తెగిపోవడం నాకు కొత్త కాదు. నెత్తళ్ళు ఆరబోసిన ఇసుక మీద చాలాసార్లు విన్నాను.

చిన్నాయనా, నేను అలిసిపోయాను. చూడలేదని చెప్పు, నమ్ముతాను. చూసి, అన్న నలుగురిలో చులకనవుతాడని మొహం తిప్పుకున్నానని చెప్పు, అదీ వింటాను. కానీ ఖాళీ వల వస్తే వచ్చేది. నాచు ఏరడానికి నేను లేనా? నాయన పక్కన కూర్చుని పొద్దు వాలేదాకా ఏరేవాడిని. ఆ ఒక్క సాయంత్రం మా ఇద్దరికీ ఎందుకు లేకుండా చేశావు?

ఆదివారం మళ్ళీ వస్తాను. గొంతు రాకపోతే మాట్లాడొద్దు. భుజాన తువ్వాలు ఉంది కదా. చూసి ఉంటే పైకెత్తు, చూడకపోతే ఒళ్ళో పడెయ్యి. నీ అరుగు ఎదురుగా నిలబడి ఉంటాను, నాకు ఇంకా చూపు బాగానే ఉంది. ఈసారైనా మొహం తిప్పుకోబాక.